నిజ్వా దారిలో నేను అందుకున్న తుపాకీ

మా ఆయన వరసగా మూడు శుక్రవారాలు ఇంటికి రాకపోవడం వల్ల నేను నిజ్వా చూశాను. అందరూ కోట చూడ్డానికో, మేకల సంత చూడ్డానికో వెళ్తారు. నేను అలిగి వెళ్ళాను. డెబ్భైల చివరి రోజులవి, ఆ దేశానికి దక్షిణపు కొసన యుద్ధం ముగిసి ఎంతో కాలం కాలేదు. మేము మస్కట్ పక్కన సీబ్‌లో, విమానాశ్రయానికి దగ్గరగా, ఇసకలో విసిరేసినట్టున్న నాలుగిళ్ళలో ఒక ఇంట్లో ఉండేవాళ్ళం. మా ఆయన కరెంటు ఇంజనీరు. నిజ్వాకి కాస్త ఇవతల కొత్తగా కట్టిన ఒక ఆసుపత్రికి జనరేటర్లు బిగించే పని మీద వెళ్ళి అక్కడే పాతుకుపోయారు. "వచ్చే శుక్రవారం తప్పకుండా వస్తాను" అని ప్రతి వారం కంపెనీ డ్రైవరు చేత కబురు పంపేవారు. నాలుగోసారి కూడా అదే కబురు వచ్చేసరికి, "జవాబు నేనే వచ్చి చెప్తాను, నన్ను ఎక్కించుకో" అని డ్రైవరుతో అన్నాను. ఈమధ్య మా మనవరాలి స్నేహితులు మస్కట్ నుంచి నిజ్వా ప్రయాణం పెట్టుకుని నన్ను సలహా అడిగారు. నా దగ్గరున్న సలహా ఒక్కటే. అది అర్థం కావాలంటే మాత్రం కథంతా చెప్పాలి.

డ్రైవరు పేరు లింబాద్రి, నిజామాబాదు జిల్లా మనిషి. సన్నగా ఉండేవాడు, నోరు మాత్రం ఖాళీగా ఉండేది కాదు. తెల్లవారి అయిదున్నర ప్రాంతంలో కంపెనీ జీపులో బయల్దేరాం. నేను పులిహోర కలిపి డబ్బాలో సర్దాను, గోంగూర పచ్చడి సీసా, కందిపొడి పొట్లం సంచిలో పెట్టుకున్నాను. కోపం మీద వెళ్తున్నదాన్ని పచ్చడి ఎందుకు తీసుకెళ్ళానో అప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు. ఆ రోజుల్లో సొంత బండి లేనివాళ్ళకి షేర్ టాక్సీలే దిక్కు. మస్కట్ నుంచి నిజ్వాకి మనిషికి రియాలున్నర అడిగేవారు, బండి నిండేదాకా కదిలేవారు కాదు. ఇప్పుడు రెండు గంటలు కూడా పట్టని దారికి మాకు నాలుగు గంటలు పట్టేది. తారు కొత్తగా వేశారు గానీ చాలా చోట్ల వంతెనలు లేవు. కొండల్లో వాన పడితే, ఎప్పుడూ ఎండిపోయి ఉండే వాగులు ఉన్నట్టుండి పొంగేవి, అవి తగ్గేదాకా ఇవతలి గట్టున కూర్చోవాల్సిందే.

సముద్రాన్ని వెనక వదిలి కొండల్లోకి మళ్ళాక మొదట తగిలే పెద్ద ఊరు ఫంజా. దారి పక్కన టీ కొట్టు ఉండేది, యాభై బైసాలకి గ్లాసెడు పాల టీ, వేడి రొట్టె ఇచ్చేవాడు. అక్కడ ఒక టాక్సీ ముందు మూత పైకెత్తి పొగలు కక్కుతూ కనిపించింది. దాని నీడలో ముగ్గురు మనుషులు కూర్చున్నారు. అందులో నలభై ఏళ్ళ ఆయన లేచి, మా జీపు దగ్గరికి వచ్చి, నాకు బాగానే అర్థమయ్యే ఉర్దూలో సలాం చెప్పాడు. పేరు సయీద్. చమురు కంపెనీలో వాచ్‌మన్, అక్కడ బలూచీలతోటీ పాకిస్తానీలతోటీ పనిచేసి ఉర్దూ నేర్చుకున్నాడట. నాది హైదరాబాదు ఉర్దూ, పెళ్ళయిన కొత్తలో రెండేళ్ళు అక్కడ కాపురం పెట్టినప్పుడు కూరగాయల బండివాళ్ళ దగ్గర వచ్చింది. "మా అక్కకి కళ్ళు కనబడవు. నిజ్వాకి ఇవతల కొత్తగా కట్టిన ఆసుపత్రికి పోవాలి. కళ్ళ డాక్టరు మస్కట్ నుంచి ఇవాళ వస్తాడు. మధ్యాహ్నం లోపల పేరు రాయించుకుంటేనే ఆపరేషన్. లేకపోతే మళ్ళీ ఎప్పుడొస్తాడో తెలీదు" అన్నాడు. మేమూ అక్కడికే అని, ఎక్కమన్నాను. ఆ రోజుల్లో ఆ దారిలో ఎవరైనా అదే అనేవారు.

సయీద్ అక్క పేరు మూజా. యాభై దాటి ఉంటాయి. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరి, నల్ల గుడ్డు నడుమ తెల్లగా పొర కమ్మింది. వెలుతురు, చీకటి తెలుస్తాయి, మనిషి తెలియదు. ఆవిడ నా పక్కన వెనక సీట్లో కూర్చుని, ముందు నా గాజులు తడిమి, తర్వాత నా మొహం తడిమి, ఏదో తేల్చుకున్నట్టు తల ఊపి నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది. ఆవిడ భర్త హమూద్ ముందు సీట్లో ఎక్కాడు. తెల్లటి పొడుగు చొక్కా, నడుముకి వెండి ఒరలో వంకీ కత్తి, మోకాళ్ళ మధ్య తుపాకీ. పాత ఇంగ్లీషు తుపాకీ అది, మడమకి వెండి రేకులు తాపడం చేసి ఉన్నాయి. దాని గొట్టం పైకప్పుని తాకుతోంది. లోపలి ఊళ్ళలో మగవాళ్ళు తుపాకీ లేకుండా బజారుకి కూడా వెళ్ళరని విన్నాను గానీ, అది నా ముక్కుకి జానెడు దూరంలో ఊగుతుంటే ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేదు.

బండి కదిలిందో లేదో బావామరుదుల వాదన మొదలైంది. అది వాళ్ళ ఊళ్ళో మొదలై, టాక్సీలో నడిచి, టాక్సీ చెడిపోతే చెట్టు కింద సాగి, ఇప్పుడు మా జీపెక్కిందని తర్వాత తెలిసింది. వెనక సీట్లో అక్కకి అటు పక్కన కూర్చున్న సయీద్ అరబ్బీలో అరిచి, నా వైపు తిరిగి ఉర్దూలో తర్జుమా చేసేవాడు, తీర్పు నేనే చెప్పాలన్నట్టు. సంగతేమిటంటే, ఇకమీదట తుపాకులన్నిటికీ నంబరు వేస్తారని, పేరు రాయించుకోవాలని ఊళ్ళలో పుకారు. రాయించుకుంటే నష్టమేమిటని సయీద్ వాదన. "రోడ్డు వేశారు, బడి పెట్టారు, ఆసుపత్రి కట్టారు. ఇంత చేసిన సర్కారు ఒక నంబరు అడిగితే ఇవ్వలేమా?" హమూద్ ముందుకే చూస్తూ జవాబు చెప్పాడు. "నంబరు ఎందుకు అడుగుతారు? ఎవరి ఇంట్లో ఏముందో తెలియడానికి. తెలియడం ఎందుకు? తర్వాత వచ్చి పట్టుకుపోవడానికి."

లైసెన్సు లేకుండా తుపాకీ ఉండకూడదని నేనూ అన్నాను. మా నాన్న తాలూకాఫీసులో గుమాస్తా, కాగితం లేనిదే కాకి కూడా గోడ మీద వాలకూడదనే ఇంట్లో పెరిగాను. "మా ఊళ్ళో తుపాకులు పోలీసుల దగ్గరే ఉంటాయి" అన్నాను. "దొంగలొస్తే?" అన్నాడు హమూద్. "పోలీసుల్ని పిలుస్తాం." "వాళ్ళు వచ్చేదాకా?" నేను కాస్త ఆలోచించి నిజమే చెప్పాను. "అరుస్తాం." అది తర్జుమా అయ్యాక హమూద్ మొదటిసారి నవ్వాడు. నవ్వితే ముందు రెండు పళ్ళు లేవు.

అక్కణ్ణించి వాదన ఆసుపత్రి మీదికి మళ్ళింది. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే ఆరోగ్య బీమా గొడవ. సయీద్‌కి కంపెనీ వైద్యం చీటీ ఉంది. అతనికీ, భార్యకీ, పిల్లలకీ జబ్బు చేస్తే ఖర్చంతా కంపెనీదే. ఆ చీటీని జేబులోంచి తీసి చూపించాడు కూడా, చెమటకి తడవకుండా ప్లాస్టిక్ కాగితంలో చుట్టి పెట్టుకున్నాడు. "అందులో మీ అక్క ఉందా?" అన్నాడు హమూద్. "అక్క ఉండదు. తల్లి కూడా ఉండదు. భార్యాపిల్లలే." "తోడబుట్టింది లేని చీటీ ఏం చీటీ?" "అందుకే కదా సర్కారు ఆసుపత్రి. చీటీ అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు, అందరికీ ఒకటే." హమూద్ వేలితో తుపాకీ మడమ మీద టకటకా కొట్టాడు. "డబ్బు అడగనివాడు ఇంకేదో అడుగుతాడు. ఇవాళ మందిస్తాడు, రేపు ఇది ఇమ్మంటాడు." సయీద్ ఈ మాట తర్జుమా చేసి, మా బావకి మతిపోయింది అని తన సొంతంగా ఒక వాక్యం కలిపాడు.

ఇజ్కీ అనే ఊరి దగ్గర ఖర్జూరపు తోటలో ఆగాం. తోటలకి నీళ్ళు పంచే సన్నటి కాలవ రాళ్ళ మధ్య పారుతోంది, కాళ్ళు పెడితే ప్రాణం లేచొచ్చింది. వాళ్ళు ఖర్జూరాలు, చిన్న గిన్నెల్లో కాఫీ పెట్టారు. నేను పులిహోర పెట్టాను. హమూద్ పచ్చిమిరపకాయ కొరికి, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా ఒప్పుకోకుండా మొత్తం తిన్నాడు. అప్పుడు లింబాద్రి నోరు విప్పాడు.

"అమ్మా, మీరు లైసెన్సు లైసెన్సు అంటున్నరు గని, ఈ పెద్దాయన చెప్పేది అబద్ధం గాదు. మా బాపుకు మందుగూరి పేల్చే భర్మార్ తుపాకి ఉండె. మక్కచేను కాడ అడివి పందులొస్తె బెదిరిచ్చెటందుకు. పోలీసు యాక్షన్ అయినంక, తుపాకులన్ని ఠాణల పెట్టుండ్రి, కాయితం జేసి మల్ల ఇస్తమన్నరట. కాయితమైతె అచ్చింది. తుపాకి రాలె."

నేను ఉర్దూలో చెప్తే సయీద్ దాన్ని అరబ్బీలో చెప్పాడు. హమూద్ చేతిలో గిన్నె కింద పెట్టి లింబాద్రి వైపు తిరిగి కూర్చున్నాడు. తను కుర్రవాడిగా ఉన్నప్పుడు కొండ మీద గొడవలయ్యాయట. అవి సద్దుమణిగాక సిపాయిలు వచ్చి, తుపాకులు ఇవ్వండి, నెల తిరక్కుండా ఇచ్చేస్తాం అన్నారట. వాళ్ళ నాన్న ఇచ్చాడు. చనిపోయేదాకా దాని గురించే అడుగుతూ ఉన్నాడు. "ఇది నేను కొనుక్కున్నది. సిపాయిల చేతికీ, కాపలావాళ్ళ చేతికీ ఇవ్వనని మా నాన్నకి మాటిచ్చాను" అన్నాడు. లింబాద్రికి దోసెడు ఖర్జూరాలు పెట్టాడు. ఎక్కడి నిజామాబాదు, ఎక్కడి ఇజ్కీ, ఇద్దరూ ఒకే ఠాణా మీద కోపంతో పెరిగినట్టు ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు. నా లైసెన్సు పక్షం ఆ కాలవలోనే కొట్టుకుపోయింది.

బయల్దేరే ముందు మూజా నా చెయ్యి గట్టిగా పట్టుకుని తమ్ముడితో ఏదో అంది. సయీద్ గొంతు తగ్గించి చెప్పాడు. "భయపడుతోంది. ఉన్న ఈ కాస్త వెలుతురు కూడా పోతే ఎలా అంటోంది. బావ పక్కన ఉంటేనే లోపలికి వెళ్తానంటోంది. ఆయన చెయ్యి పట్టుకుంటేనే." హమూద్ విన్నాడు. "పక్కనే ఉంటాను" అని ఒక్క ముక్క అన్నాడు.

ఆసుపత్రికి చేరేసరికి పదిన్నర దాటింది. ఇంకా రంగు వాసన పోని తెల్లటి కట్టడం, ముందు ముళ్ళకంచె, గేటు, గేటు పక్కన చిన్న షెడ్డు. షెడ్డు గోడకి నాలుగైదు తుపాకులు ఆనించి ఉన్నాయి. గేటు దగ్గర కాపలా జవాను చాలా మర్యాదగా సలాం చెప్పాడు, క్షేమసమాచారాలన్నీ అడిగాడు, అవన్నీ అయ్యాక, తుపాకీ ఇక్కడ పెట్టి లోపలికి వెళ్ళండి అన్నాడు.

హమూద్ సయీద్ వైపు తిరిగాడు. కోపం కూడా లేదు ఆయన మొహంలో, తను చెప్పింది ఇంత తొందరగా నిజమైనందుకు ఆశ్చర్యం మాత్రం ఉంది. "చూశావా" అన్నాడు. సయీద్ తల పట్టుకున్నాడు. లోపల జబ్బు మనుషులుంటారు, పిల్లలుంటారు, ఇది అందరికీ ఒకటే రూలు, తిరిగి వెళ్ళేటప్పుడు ఇచ్చేస్తాం అని జవాను ఓపిగ్గా చెప్పాడు. ఆ ఇచ్చేస్తాం అన్న మాటే తప్పయింది. హమూద్ భార్య చెయ్యి పట్టుకుని, "పద ఇంటికి" అన్నాడు. ఆవిడ కదల్లేదు. ఆయన లేకుండా లోపలికీ వెళ్ళనంది. గేటు చువ్వ ఒక చేత్తో, మొగుడి చెయ్యి ఇంకో చేత్తో పట్టుకుని నిలబడింది. బావ మీద సయీద్ అరుస్తున్నాడు, జవాను ఇద్దరినీ బతిమాలుతున్నాడు. డాక్టరు పేర్లు రాయడం ఆపేసే వేళ దగ్గర పడుతోంది. ఆవిడ తెల్లటి కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి.

అప్పుడు నేను చేసిన పని మన బస్సుల్లో పెరిగిన మనిషి మాత్రమే చేస్తుంది. రద్దీ బస్సులో మనకి సీటు దొరికితే, నిలబడ్డవాళ్ళ చేతిలో ఏముంటే అది, సంచో, సొరకాయో, చంటిపిల్లో, "ఇటివ్వండి, నేను పట్టుకుంటాను" అని లాక్కుని ఒళ్ళో పెట్టుకుంటాం. అడగం కూడా. నేను గేటు పక్క బల్ల మీద కూర్చుని ఉన్నాను. హమూద్ ఒక చేతిలో పెళ్ళాం, ఇంకో చేతిలో తుపాకీతో సతమతమవుతున్నాడు. "ఇటివ్వండి, నేను పట్టుకుంటాను" అని అచ్చ తెలుగులో అని, తుపాకీ అందుకుని ఒళ్ళో అడ్డంగా పెట్టుకున్నాను.

 జవాను నన్నే చూస్తున్నాడు. అరుస్తున్న సయీద్ నవ్వడం మొదలుపెట్టాడు, ఎంతకీ ఆపడు. నేను భయపడి తుపాకీ వెనక్కి ఇవ్వబోతే, "వద్దు వద్దు, ఇక ఇవ్వకూడదు" అన్నాడు. వాళ్ళ వైపు మగవాడి చేతిలోంచి తుపాకీ అందుకునేది ఒక్కరేనట, అతను ఎవరింటికి వెళ్తే ఆ ఇంటి మనిషి. అందుకుని గోడకి తగిలిస్తే, వచ్చినవాడు అతిథి అయినట్టు. అప్పట్నుంచి అతని తిండీ, పడకా, మంచీ చెడూ అన్నీ ఆ ఇంటివే. "మీరు అందుకున్నారు. ఇప్పుడు మా బావ మీ అతిథి" అన్నాడు.

హమూద్ నన్నూ, నా ఒళ్ళో తుపాకీనీ మార్చి మార్చి చూశాడు. నేను కాపలావాణ్ణి కాదు. సర్కారునీ కాదు. దారిలో అన్నం పెట్టిన మనిషిని. నాన్నకిచ్చిన మాటకి ఇది ఎక్కడా అడ్డు రావడం లేదని ఆయనకి తోచినట్టుంది, మెల్లగా తల ఊపాడు. జవాను మాత్రం ఒప్పుకోలేదు, పరదేశి మనిషి తుపాకీ పట్టుకోవడం అసలే కుదరదన్నాడు. పాపం, రెండు రూళ్ళ మధ్య నలిగిపోయాడు. మళ్ళీ పంచాయితీ. చివరికి లింబాద్రి తెగ్గొట్టాడు. "తూటాలు మీ కాడ పెట్టుకోండ్రి. ఉత్త కట్టె అమ్మోళ్ళ కంపెనీ రూమ్‌ల గోడకు ఏలాడుతది. రూమ్ కంచె బైట ఉన్నది, మీ గేటు లోపట గాదు గద" అని జవానుకి తెలిసిన హిందీలో చెప్పాడు, నాకు తెలుగులోనూ చెప్పాడు. జవాను ఆలోచించి, లోపలికి వెళ్ళి తన పై ఆయన్ని అడిగొచ్చి, సరేనన్నాడు. హమూద్ తూటాలు ఒక గుడ్డలో మూట కట్టి జవాను చేతిలో పెట్టాడు. భార్య చెయ్యి వదలకుండా లోపలికి వెళ్ళాడు. ఆ రోజు రాసుకున్న పేర్లలో మూజాదే ఆఖరుది.

మా ఆయన మధ్యాహ్నం డ్యూటీ నుంచి కంపెనీ ఇచ్చిన చెక్క గదికి వచ్చేసరికి, పెళ్ళాం స్టవ్ మీద పప్పు వండుతోంది, మంచం పైన మేకుకి తుపాకీ వేలాడుతోంది. గుమ్మంలోనే ఆగిపోయారు. "రత్నం, శుక్రవారం రాలేదనేనా ఇదంతా?" అన్నారు. మూడు వారాలుగా దాచుకున్న కోపమంతా ఆ మాటతో నవ్వొచ్చి పాడైపోయింది.

ఆపరేషన్ మర్నాడు జరిగింది. అప్పట్లో కంటి ఆపరేషన్ అంటే కదలకుండా పడుకోబెట్టి, కళ్ళకి గంతలు కట్టి రోజుల తరబడి ఉంచేవారు. హమూద్ పగలంతా ఆవిడ మంచం పక్కన కింద కూర్చునేవాడు, అన్నం వేళకి మా గదికి వచ్చేవాడు. ఎండుచేపలు లేని ఇల్లేమిటని మొదట విస్తుపోయాడు గానీ, గోంగూర పచ్చడి రుచి చూశాక సర్దుకున్నాడు. సయీద్ శెలవు అయిపోయి వెళ్ళిపోయాడు. భాష చెప్పే మనిషి లేక, మా ఆయనా హమూదూ చేతులతోనే మాట్లాడుకునేవారు. కట్టు విప్పిన రోజు నేనూ వెళ్ళాను. నర్సు మందపాటి అద్దాలు పెట్టింది. మూజా మొగుణ్ణి చూసింది. చూస్తూనే ఉంది. తర్వాత ఏదో అని నవ్వింది, హమూద్ తలపాగా కొస మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఆవిడ ఏమందో అక్కడి నర్సు నాకు హిందీలో చెప్పింది. "గడ్డం ఎప్పుడు ఇంత తెల్లబడింది? నాకెవరూ చెప్పలేదే" అందట. నేనూ ఏడ్చాను, అందులో దాచుకునేదేమీ లేదు.

ఆసుపత్రి వాళ్ళు ఇంటికి పంపేశారు. ఇక వెళ్తారనుకున్నాను, వెళ్ళలేదు. మూజాని మా గదికి తీసుకొచ్చాడు హమూద్. చుట్టాలు వస్తే వెళ్ళమని అనే అలవాటు మనకి లేదు కదా, "ఉండండి, తొందరేముంది" అన్నాను చేతులతో. ఉన్నారు. మర్నాడు కూడా అన్నాను, మర్నాడు కూడా ఉన్నారు. మా ఆయనా లింబాద్రీ వరండాలో పడుకోవడం మొదలుపెట్టారు. బియ్యం డబ్బా అడుగు కనిపించింది. హమూద్ ఏమిటో దిగులుగా కూర్చుని గోడ వైపు చూసేవాడు. మా వంట నచ్చక అనుకుని నేను ఇంకో కూర చేసేదాన్ని.

సంగతి పసిగట్టింది మూజా. కొత్త కళ్ళతో మా గదిలో అన్నీ ఒకటొకటే చూస్తోంది, స్టవ్, కుంకం భరిణె, నా చీర అంచు. చూస్తూ చూస్తూ మేకుకి వేలాడే తుపాకీ దగ్గర ఆగింది. మొగుణ్ణి చూసింది, నన్ను చూసింది, అడుగంటిన బియ్యం డబ్బా చూసింది. పకపకా నవ్వుతూ నా మణికట్టు పట్టుకుని గోడ దగ్గరికి లాక్కెళ్ళింది. తుపాకీ దింపించి, నా రెండు చేతుల్లో పెట్టి, హమూద్ వైపు తోసింది. నేను ఇచ్చాను. ఆయన లేచి నిలబడి, రెండు చేతులతో అందుకుని, కాఫీ తాగినంతసేపట్లో మూట సర్దుకుని గుమ్మంలో ఉన్నాడు. తర్వాత సయీద్ కలిసినప్పుడు చెప్పాడు, తుపాకీ అతిథి అడక్కూడదట, అడిగితే ఇంటివాళ్ళని నమ్మనట్టు. వాళ్ళే తీసి ఇవ్వాలి. నేనేమో వెళ్ళమన్నట్టు ఉంటుందని మేకు వైపే చూడలేదు. ఆయన మర్యాద ఆయన్ని కూర్చోబెట్టింది, నా మర్యాద నా బియ్యం తినేసింది.

గేటు దగ్గర జవాను తూటాల మూట తెచ్చి ఇచ్చాడు. హమూద్ కట్టిన ముడి కట్టినట్టే ఉంది. ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని బరువు చూశాడు. సర్కారుకి ఇచ్చింది తిరిగి రావడం వాళ్ళింట్లో అదే మొదటిసారని నాకు తెలుసు, ఏమంటాడా అని చూశాను. జవానుకి సలాం చెప్పి, ఏదో అన్నాడు. జవాను నవ్వేశాడు. లింబాద్రి అతన్ని హిందీలో అడిగి నాకు చెప్పాడు. "తూటాలైతె ఇచ్చిన్రు, తుపాకైతె ఇస్తుండిరో లేదో అంటున్నడమ్మా."

వాళ్ళని ఊళ్ళో దింపి సీబ్ వెళ్దామని నేనూ మా ఆయనా జీపెక్కాం, ఆ శుక్రవారం ఆయనకి శెలవు దొరికింది. హమూద్ అలవాటుగా ముందు సీటు తలుపు తీశాడు. మూజా ఆయన్ని పక్కకి జరిపి తనే ఎక్కి కూర్చుంది. ఆయన కిక్కురుమనకుండా తుపాకీతో సహా మా మధ్య వెనక ఇరుక్కున్నాడు. దారి పొడుగునా ఆవిడ కనిపించినదాని పేరల్లా పైకి చెప్పింది. జబల్, కొండ. నఖల్, ఖర్జూరం చెట్టు. గనమ్, మేకలు. చెప్పి వెనక్కి తిరిగి మొగుణ్ణి చూసేది, అవునా అన్నట్టు. ఆయన ప్రతిదానికీ అవునన్నాడు, ఊరు వచ్చేదాకా ఒక్క మాటకి కూడా వాదన పెట్టుకోలేదు.

ఇప్పుడు నాకూ బీమా చీటీ ఉంది, అందులో ఎవరున్నారు, ఎవరు లేరు అని మా ఇంట్లో పిల్లలు వాదించుకుంటారు. టీవీలో తుపాకుల చట్టాల గొడవ వస్తే నేను ఇప్పటికీ లైసెన్సు పక్షమే. అయినా ఎవరైనా చచ్చినా ఇవ్వనని మొండికేస్తే, వెనక ఎవరి నాన్న ఉన్నాడో అనుకుంటాను. చట్టం అడగడం తప్పు కాదు, ఆ జవానంత మర్యాదగా అడిగినవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు. కానీ ఇవ్వడానికి ఒక మనిషి చెయ్యి కావాలి. ఆ రోజు అది నాదైంది. అంతకన్నా గొప్ప పని నేను చెయ్యలేదు, చేస్తున్నానని కూడా తెలియకుండా చేశాను. ఇక మా మనవరాలి స్నేహితులకి నా సలహా. నిజ్వా దారిలో ఏ ఊళ్ళోనైనా ఎవరైనా ఇంట్లోకి పిలిస్తే తప్పకుండా వెళ్ళండి, కాఫీ తాగండి. వెళ్ళొస్తామన్న మాట మాత్రం మీరే ముందు ఎత్తండి. వాళ్ళు ఎత్తరు, మీరూ ఎత్తకపోతే వాళ్ళ బియ్యం అయిపోతాయి.